పెట్టె మేడమ్ ఒప్పుకునే డాంగిల్

ఫిబ్రవరి 18

మరదలు పిల్లకి,

నేను క్షేమంగానే ఉన్నాను. నా మోకాళ్ల సంగతి అడగకు, అవి నాతో మాట్లాడటం మానేశాయి.

ముందు ఒక పంచాయితీ తేలాలి. నువ్వు పక్కింటావిడతో "మా వదిన టీవీ యాంటెన్నాలు తుడుస్తుంది" అన్నావట. అది యాంటెన్నానే కానీ టీవీది కాదు తల్లీ. మన వీధి మొత్తం పట్టేంత పెద్ద పళ్లెం అది. ఎక్కడో ఆకాశం చివర ఉన్న చుక్కల నుంచి వచ్చే రేడియో తరంగాల్ని పడుతుంది. పళ్లెం కింద చక్రాలుంటాయి, ఆ చక్రాలకి గ్రీజు పెట్టేది నేను. వచ్చే తరంగం ఎంత సన్నగా ఉంటుందంటే, దగ్గర్లో ఒక సెల్‌ఫోన్ పలికినా పళ్లానికి పూనకం వస్తుంది. అందుకే ఇక్కడ వైర్‌లెస్ వస్తువేదీ గేటు దాటదు. అందుకే మనిద్దరం తాతల కాలంలోలా కాగితాల మీద మాట్లాడుకుంటున్నాం. ఫోను నోరు నొక్కేసి, అంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, గదిలో ఉంచుకోనిస్తారు. అదే పదివేలు.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్య ఒక మెమరీ కార్డు పంపాడు. అందులో ఒక పాట ఉంది. తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడి, తన ఫోనులో తనే రికార్డు చేశాడు. పాట నా మీదే. దాంతో పాటు ఒక ఉత్తరం. "నువ్వు విని బాగుందంటే చాలు, అద్దాలు కోసే పని మానేసి పూర్తిగా పాటల్లోకి దిగిపోతాను. బాగాలేదంటే ఆ ఊసే ఎత్తను. వచ్చే నెలాఖరులోగా చెప్పు" అని.

అంటే తన ఉద్యోగం తీసుకొచ్చి నా చెవిలో పెట్టాడన్నమాట.

ఫోను స్పీకర్లో విన్నాను. బకెట్టు అడుగున ఎవరో ఇరుక్కుని మొర పెట్టుకుంటున్నట్టుంది. అది పాట తప్పో స్పీకరు తప్పో నాకు తెలియదు. అంత చిన్న స్పీకర్లో విని మనిషి బతుకు తేల్చకూడదు కదా. నా దగ్గర వైరున్న పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఈ కొత్త ఫోనుకేమో వాటి పిన్ను పెట్టే రంధ్రమే లేదు. ఛార్జింగ్ పెట్టే చోట తోకలాంటిది ఒకటి తగిలించి, దానికి హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలట. దాన్ని డాక్ డాంగిల్ అంటారని మా వెల్డరు చెప్పాడు. ఫోనులో అంకెలుగా పడి ఉన్న పాటని చెవికి పాటగా మార్చేది అదేనట. అది ఎంత మంచిదైతే పాట అంత ఉన్నదున్నట్టు వినబడుతుందట.

బజారుకి వెళ్లి మంచిది చూసి ఒకటి పంపు. వారానికి రెండుసార్లు వ్యాను వస్తుంది.

చెవులు శుభ్రం చేసుకుని కూర్చున్న
నీ వదిన


ఫిబ్రవరి 24

గ్రీజు వదినకి,

టీవీ అని నేననలేదు. పక్కింటావిడే అంది, నేను కాదనలేదు, అంతే. కాదంటే పళ్లెం గురించి చెప్పాలి, పళ్లెం అంటే ఏ హోటల్లో అని అడుగుతుంది. నాకు కుట్టాల్సిన జాకెట్లు గుట్టగా పడున్నాయి.

"బాగాలేదు" అని ఒక్క ముక్క రాస్తే పోయేదానికి నన్ను బజారంతా తిప్పావు. మీ ఆయన గొంతు సంగతి పెళ్లికి ముందు నీకు తెలియదంటే సరే అంటాను. పెళ్లయ్యాక కూడా తెలియలేదంటే మాత్రం ఎలా నమ్మమంటావు? నా కుట్టు గదికీ తన గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. షాపు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తలుపేసుకుని మొదలుపెడతాడు. నేను గోడకి ఇవతల మిషను తొక్కుకుంటూ నా ఖర్మకి ఏడుస్తుంటాను.

పైగా సంగతి ముదిరింది. వాళ్ల యజమాని పిలిచి "నిన్ను సూపర్‌వైజరుని చేస్తాను" అన్నాడు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మీ ఆయన మాత్రం "వచ్చే నెలాఖరుకి చెబుతానండి" అని ఇంటికొచ్చి, రాజీనామా రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను చూసుకోకుండా ఆ చొక్కా ఉతికేశాను. మళ్లీ కూర్చుని రాసుకున్నాడు. మొదటిదానికంటే ఇదే బాగా కుదిరిందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

డాంగిల్ షాపాయన మెడలో ఒక హెడ్‌ఫోన్, తల మీద ఇంకో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంపిడెన్స్ ఎంత మేడమ్?" అన్నాడు.

"మా వదిన తల కొంచెం పెద్దదేనండి" అన్నాను.

"తల కాదండీ, హెడ్‌ఫోన్‌ది. ఎన్ని ఓమ్‌లు?"

"నల్లవండి."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత "ఏం వింటారు?" అన్నాడు. "మా అన్నయ్యని" అన్నాను. అప్పట్నుంచి నాతో జాగ్రత్తగా మాట్లాడాడు.

మూడు రకాలు తగిలించి వినిపించాడు. మొదటి దాంట్లో పాట పెద్ద వేదిక మీద పాడినట్టు విశాలంగా వినబడుతుందట. రెండో దాంట్లో గొంతు బాగా ముందుకొస్తుందట. అన్నయ్య గొంతు ఇంకా ముందుకొస్తే నీ ప్రాణానికే ముప్పని దాన్ని తీసి పక్కన పెట్టించాను. మూడోదే నాకు నచ్చింది. వైరుని జడలా అల్లారు, ఎక్కడా ఒక్క పోగు లేవలేదు. పాట నడుస్తున్నంతసేపూ రంగులు మారే లైటు కూడా ఉంది. చేతిపని చూసి కొన్నాను వదినా, అన్యాయం జరగదు. డబ్బా ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

విను. విని ఆ ఒక్క ముక్కా రాసి పారెయ్.

ఒక్క గోడ దూరంలో బతుకుతున్న
నీ ఆడపడుచు


మార్చి 3

కత్తెర మహారాణికి,

నీ జడ డాంగిల్ అరెస్టయింది.

ఇక్కడ కరెంటుతో నడిచే ఏ వస్తువునైనా ముందు పరీక్షకి పెట్టాలి. బీరువా అంత ఇనప పెట్టె ఒకటుంది. వస్తువుని అందులో పెట్టి తలుపు మూస్తే, అది రేడియోలో ఎంత గోల చేస్తోందో బయట తెర మీద గీతల్లో కనబడుతుంది. మన చెవికి వినబడే చప్పుడు కాదులే, పళ్లానికి మాత్రమే వినబడేది. ఆ తెర ముందు కూర్చునే ఆవిణ్ణి అందరం పెట్టె మేడమ్ అంటాం. నవ్వదు, తిట్టదు, తల అడ్డంగా ఊపుతుంది. అంతే, ఆ వస్తువు తాళం వేసిన అలమరలోకి పోతుంది. అందులో ఇప్పటికే ఒక బ్యాటరీ టూత్‌బ్రష్షు, తెరిస్తే పాడే గ్రీటింగ్ కార్డు, ఎవరిదో నడుం నొప్పి బెల్టు ఉన్నాయి.

నీ డాంగిల్ పెట్టగానే గీతలు తెర దాటి పైకి పోయాయి. ఆ రంగుల లైటు ఒకటి, లోపలి చిప్పు ఒకటి, రెండూ పోటీపడి అరుస్తున్నాయట. "మా వంటగది మొత్తం కలిపినా ఇంత గోల ఉండదు" అంది మేడమ్.

నాకో ఆలోచన వచ్చింది. పెట్టెలో జరిగే గోల బయటికి రాదు కదా. "అయితే లోపల కూర్చుని వింటాను, తలుపు వేసెయ్యండి" అన్నాను. ఆవిడ రూల్సు పుస్తకం తీసి మొదటినుంచి చివరిదాకా చూసింది. మనుషుల్ని పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు. "సరే" అంది.

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఆ ఇనప బీరువాలో కూర్చున్నాను. డాంగిల్ ఇస్త్రీపెట్టెలా కాలింది. పల్లవి అయిందో లేదో మేడమ్ తలుపు కొట్టింది. వంటాయన కొత్త కెటిల్ పట్టుకుని వరసలో నిలబడ్డాడట.

విన్నంతలో గొంతు గురించి ఏమీ చెప్పలేను. కానీ ఆ తాళం వేసిందెవరే? చాలా బాగుంది. ఒకచోట కూడా తడబడలేదు, మధ్యలో ఆగి మళ్లీ అందుకోవడం ఇంకా బాగుంది. డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకున్నాడా?

మొత్తం పాట వినాలంటే రేడియో గోల చెయ్యని డాంగిల్ కావాలి. లైట్లు వద్దు, జడలు వద్దు.

బీరువాలోంచి బయటపడిన
నీ వదిన


మార్చి 8

వదినా,

పెద్ద తప్పు జరిగిపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికి అన్నయ్య ఎదురుగా ఉన్నాడు. "చదువు, చదువు" అని ప్రాణం తీశాడు. తాళం గురించి రాసిన ముక్క ఒక్కటీ పైకి చదివాను.

"చాలా బాగుంది" అన్నంతవరకు విని వంటింట్లోకి, అక్కణ్ణుంచి వరండాలోకి, వరండాలోంచి మళ్లీ నా దగ్గరికి తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనగారికి, పాటలో తాళమే లేదని. మొహం మాడిపోయింది. "నేను తాళం వెయ్యలేదే. నా పాటలో లేని తాళం దానికెలా వినబడింది?" అన్నాడు. చివరికి ఆ డాంగిలే తన సొంతంగా తాళం కలిపిందని తేల్చాడు.

ఇద్దరం షాపాయన మీదికి వెళ్లాం. "మీ డాంగిల్ మా పాటలో వేలు పెట్టింది" అని అన్నయ్య దెబ్బలాట. ఆయన పాపం, ఉన్నదే వినిపిస్తుంది తప్ప లేనిది కలపదని బల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. అన్నయ్య వినలేదు. ఆయన మెడలో హెడ్‌ఫోనూ తల మీద హెడ్‌ఫోనూ రెండూ తీసి పక్కన పెట్టి, మంచినీళ్లు తాగాడు.

ఇంటికొచ్చి మిషనెక్కాను. అంచు కుడుతుంటే అన్నయ్య పక్కగదిలో అందుకున్నాడు. అప్పుడు బుర్రకెక్కింది. ఆ తాళం నాది వదినా. నా కుట్టు మిషను. మధ్యలో ఆగి మళ్లీ అందుకోవడం బాగుందన్నావే, అది దారం తెగినప్పుడు.

నోరు మూసుకుని ఉండాల్సింది, చెప్పేశాను. ఇప్పుడు నేను జాకెట్ కుట్టాలో పావడా అంచు వెయ్యాలో తనే చెబుతున్నాడు. "ఈ చరణానికి పొడుగు కుట్లు కావాలి" అంటాడు. జనం బట్టలు తన చరణాన్ని బట్టి కుట్టి ఇవ్వాలట. ఇంకో పక్క "మీ వదిన తాళమే మెచ్చుకుందంటే పాట సంగతి చెప్పాలా" అంటూ జేబు తడుముకుంటున్నాడు. అందులో రాజీనామా. నువ్వు సాయం చేస్తున్నావా, కొంప ముంచుతున్నావా?

రెండో డాంగిల్ పంపుతున్నాను. నువ్వు రాసినవన్నీ షాపాయనకి చదివి వినిపించాను. లైటు లేదు, జడ లేదు, చుట్టూ దళసరి లోహం. గోల బయటికి పొక్కదన్నాడు. రెండు సైజుల రంధ్రాలతో ఉన్నాయి, ఏది కావాలన్నాడు. గుండీ పెద్దదైతే కాజా కూడా పెద్దదిగానే తియ్యాలి, ఆ మాత్రం నాకు తెలియదా? నీ హెడ్‌ఫోన్లు పెద్దవి కాబట్టి పెద్ద రంధ్రమే తీసుకున్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు కానీ అన్నయ్య మళ్లీ తాళం సంగతి ఎత్తేసరికి ఊరుకున్నాడు.

తాళం వాయిద్యకారిణి,
నీ ఆడపడుచు


మార్చి 14

మా ఆస్థాన వాద్యకారిణికి,

నీ కాజా సిద్ధాంతం దేవుడు మెచ్చాలి. కొత్త డాంగిల్ పెట్టెలో పెడితే గీత కదల్లేదు. పెట్టె మేడమ్ దాన్ని తిప్పి తిప్పి చూసి "పెట్టానా, మర్చిపోయానా" అని మళ్లీ తలుపు తీసి చూసుకుంది. ఆవిడ పెదవి ఒక పక్కకి కొంచెం కదిలిందని, అది నవ్వేనని వెల్డరు అందరికీ చెబుతున్నాడు.

అంతా బాగుంది, పిన్ను దూర్చాను, జారి కింద పడింది. నాన్న చెప్పుల్లో పసిపిల్ల కాలు పెట్టినట్టుంది. హెడ్‌ఫోన్ ఎంత పెద్దదైనా దాని పిన్ను చిన్నదే తల్లీ. పెద్ద రంధ్రం వేరే జాతి హెడ్‌ఫోన్లకట. కాగితం చుట్టి చూశాను. వెల్డరు "కొంచెం అతికిస్తానిలా ఇవ్వు" అని చెయ్యి చాచాడు, పరిగెత్తి వచ్చేశాను.

ఇక్కడ అందరికీ సంగతి తెలిసిపోయింది. కాంటీనులో పాట పెట్టమని కూర్చున్నారు. ఆ పాడు స్పీకర్లోనే పెట్టాను. వెల్డరు కళ్లు తుడుచుకుని "ఎవరికి ఒంట్లో బాగాలేదు?" అన్నాడు. ఒక సైంటిస్టు శ్రద్ధగా విని, ఇలాంటి గోలని తాము లెక్కల్లోంచి తీసేస్తామన్నాడు. వంటాయన ఒక్కడే మాటలు బాగున్నాయన్నాడు. నువ్వూ వినే ఉంటావు, పల్లవి ఇలా ఉంది కదా:

నువ్వు లేని ఇల్లు అద్దం లేని కిటికీ
గాలొస్తుంది, వానొస్తుంది, నువ్వు మాత్రం రావు

ఇక మీ అన్నయ్య నాకు వేరుగా ఉత్తరం రాశాడు. "తాళం సంగతి సరే, నా సంగతి చెప్పు" అని. ఏం రాయాలో తోచక "చాలా లోతుగా ఉంది" అని రాశాను. అబద్ధం కాదు కదా. బకెట్టు అడుగు కూడా లోతే.

గడువు దగ్గర పడుతోంది. చిన్న రంధ్రంది ఒకటి పంపు.

పిన్ను చేతిలో పట్టుకుని తిరుగుతున్న
నీ వదిన


మార్చి 19

వదినా,

"చాలా లోతుగా ఉంది" అన్న ఉత్తరాన్ని అన్నయ్య అద్దానికీ అట్టకీ మధ్య పెట్టి ఫ్రేము కట్టించాడు. కాదు, తనే కట్టాడు. పని వచ్చిన మనిషి కదా. హాల్లో తగిలించాడు. పక్కింటావిడ వచ్చి చదివి, "ఏ బావి గురించి?" అని అడిగి వెళ్లింది.

నవ్వుతున్నావేమో. నాకు నవ్వు రావట్లేదు. నీ మీద కోపం వచ్చింది, దాచుకోను. నీకు కావాల్సింది డాంగిల్ కాదు వదినా, ధైర్యం. అది ఏ షాపులోనూ దొరకదు. ఒకటి అరుస్తోందన్నావు, ఒకటి జారుతోందన్నావు, ఈలోగా లోతు అన్నావు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి భయపడి మమ్మల్ని బజారు చుట్టూ తిప్పుతున్నావు. అతనేమో నువ్వు మెచ్చుకున్నావనే నమ్ముతున్నాడు. ఈ నెలాఖరు సోమవారమే, ఆ రోజు యజమాని జవాబు అడుగుతాడు. జేబులో కాగితం తీసి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత నువ్వు ఎంత మంచి డాంగిల్‌లో విని నిజం చెప్పినా ఏం లాభం?

ఇంకో సంగతి. నాలుగు రోజులుగా పాడటం మానేశాడు. "మొత్తం విని చెప్పాకే" అని గదిలో ఊరికే కూర్చుంటున్నాడు. గోడ అవతల చప్పుడు లేదు. ఎప్పుడు ఆగుతుందా అని ఇన్నాళ్లూ అనుకున్నానా, ఆగాక ఇల్లు ఇల్లులా లేదు. పనిలోంచి వచ్చి ఆ కాసేపు పాడుకుంటేనే అతని మొహంలో కళ ఉండేది. అది పోకూడదు. ఉద్యోగమూ పోకూడదు. రెండూ ఎలా మిగులుతాయో నాకు తెలియదు, నువ్వు పెద్దదానివి, నువ్వే చెప్పాలి.

మూడో డాంగిల్ ఎంచి తెచ్చింది కాదు. ఫోను కవర్లమ్మే బండి దగ్గర దండలా వేలాడుతుంటే చేతికందింది లాగాను. వేలెడంత ఉంది, తెల్లగా ఉంది, దీని గురించి చెప్పడానికి ఏమీ లేదు. షాపాయనకి చూపిస్తే "ఇది పనిచేస్తుంది" అని దిగులుగా అన్నాడు. ఇందులో వినబడకపోతే వినడం మానెయ్. జవాబు మాత్రం ఆపకు.

కోపంగా ఉన్నా నీదాన్నే,
ఆడపడుచు


మార్చి 24

నా బంగారు మరదలికి,

తిట్టావు, తిట్టించుకున్నాను. నువ్వన్నది నిజం. పాట నా మీద రాశాడు కాబట్టి బాగాలేదనడానికి నోరు రాలేదు. ఎవరో ఒకరు, డాంగిలో, పెట్టె మేడమో, నాకు అడ్డం నిలబడితే బాగుండునని చూశాను.

ఆ తెల్ల ముక్క పరీక్షలో గీత కదపలేదు, పిన్ను టక్కున కూర్చుంది. గది తలుపేసుకుని మంచం మీద కూర్చుని పాట మొత్తం విన్నాను. మళ్లీ విన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మీ అన్నయ్య పాడకూడదు. స్పీకరు తప్పు కాదు, ఏ డాంగిలూ అతన్ని కాపాడలేదు. ఇదే వ్యానులో అతనికి వేరే ఉత్తరం వేస్తున్నాను. అందులో మొదటి మాటే అది, "నువ్వు పాడొద్దు" అని. రాసి చించి, రాసి చించి, ఆఖరికి రాశాను. సూపర్‌వైజరు పని ఒప్పుకోమన్నాను. కానీ రెండో మాట కూడా ఉంది. ఈ పాట మాత్రం నాకు కావాలి అని. ఆ బాణీ, ఆ మాటలు మంచివి. "నువ్వు మాత్రం రావు" దగ్గర ఏడ్చాను. గ్రీజు చేతులతో తుడుచుకుని బయటికొస్తే వెల్డరు నన్ను చూసి హడలిపోయాడు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. చరణంలో అతను పైకి వెళ్లాల్సిన చోట కిందికి జారిపోయాడు. సరిగ్గా అక్కడ, నీ మిషను చప్పుడు వెనక నుంచి, ఇంకో గొంతు పైకి వెళ్లింది. సన్నగా, తొణక్కుండా, ఎక్కడికి వెళ్లాలో అక్కడికి. నా భ్రమ అనుకుని వెనక్కి తిప్పాను. అతను తప్పిన ప్రతిచోటా ఆ గొంతు ఉంది. సరిగ్గా పాడుతున్నంతసేపూ ఉండదు, తప్పితే చాలు, గోడ అవతల నుంచి వచ్చి దారిలో పెట్టి వెళ్లిపోతుంది. స్పీకర్లో అది వినబడలేదు. బీరువాలో నేను విన్నది పల్లవే.

అది నువ్వేనే. ఏడుస్తుంటానన్నావే, ఆ ఏడుపు ఇదే.

నా మీద నాకే నమ్మకం చాలక, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు తీసుకెళ్లి పెట్టె మేడమ్ తలకి తగిలించాను. కళ్లు మూసుకుని ఆఖరుదాకా విన్నది. తీసి నా చేతికిచ్చి, "వెనకాల పాడేదెవరు?" అంది. ముందు పాడే అతని గురించి ఆవిడ అసలు అడగనే లేదు. ఇది మీ అన్నయ్యకి చెప్పకు. కాదు, చెప్పు. ఇక దాచడాలు వద్దు.

మీ అన్నయ్య పాటలు కట్టాలి. నువ్వు పాడాలి. మిషను అలాగే ఉంచండి. నీ జవాబు కోసం ఇవాళ్టి నుంచి గేటు దగ్గర నిలబడతాను.

తల పెద్దదైన
నీ వదిన


ఏప్రిల్ 2

వదినా,

నీ ఉత్తరాలు రెండూ శనివారం వచ్చాయి. ముందు అన్నయ్య సంగతి. బాధపడ్డాడు. లేదని రాస్తే నువ్వు నమ్మవు. హాల్లో ఫ్రేము తీసి గోడకి తిప్పి పెట్టాడు. అన్నం కలిపి, తినకుండా లేచాడు. తర్వాత పాట ఉన్న తన ఫోను జేబులో వేసుకుని డాంగిల్ షాపుకి వెళ్లాడు. షాపాయన దడుచుకుని ముందే మంచినీళ్లు తెచ్చుకున్నాడట. అన్నయ్య దెబ్బలాడలేదు. "మీ దగ్గరున్న వాటిల్లో ఉన్నదున్నట్టు వినిపించేది ఇవ్వండి" అని అడిగి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని షాపు మూసేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఇంటికొచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాడు.

"ఏంటి?"

"నా పాట."

"నేర్చుకోవడం ఏంటి, నువ్వు తప్పు పాడుతుంటే వినలేక" అని మధ్యలో ఆగిపోయాను. నేను పాడుతున్నానని నాకు నిజంగా తెలియదు వదినా. దారం ఎక్కిస్తున్నప్పుడు నాలుక కొరుక్కుంటానే, అలాంటిదే అనుకున్నాను.

అతను "నువ్వు పైకి వెళ్లిన చోట నేనూ అలాగే అనుకున్నాను, గొంతే వెళ్లలేదు" అని వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

సోమవారం యజమానికి సరేనని చెప్పాడు. ఇప్పుడు సూపర్‌వైజరు. జేబులో కాగితం వెనకవైపు ఖాళీగా ఉందని, అక్కడ రెండో పాటకి పల్లవి రాసుకున్నాడు. అది కూడా నీ మీదే, గ్రీజు వస్తుంది అందులో. ఇప్పుడే ఏమీ అనకు.

ఇక నా సంగతి. ఆదివారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఫోను నిలబెట్టి, "ఊ, పాడు" అన్నాడు. గొంతు ఎండిపోయింది. మళ్లీ ప్రయత్నిస్తే దగ్గొచ్చింది. నీళ్లు తాగాను, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను, ఏమీ లాభం లేదు. "నాకు చేతకాదు, వదినకి చెవి చెడిపోయింది" అని లేచి వచ్చేశాను. అన్నయ్య పట్టుబట్టలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నిన్న సాయంత్రం మిషను మీద ఉన్నాను. గోడ అవతల అన్నయ్య అందుకున్నాడు, అదే పాట. ఎంత తప్పుగా పాడుతున్నాడంటే, ఇంతకుముందు పాడింది దీని ముందు కచేరీ. మనిషన్నవాడు అంత తప్పు పొరపాటున పాడలేడు. కావాలని చేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. బిగపట్టుకుని కూర్చున్నాను. అతను చరణంలోకి వెళ్లి ఒక్కసారిగా కిందికి దూకాడు. ఇక నావల్ల కాలేదు, నేను అందుకున్నాను.

మధ్యలో దారం కోసం చెయ్యి పెడితే ముక్కల బుట్టలో ఫోను తగిలింది. ఎర్ర గీత కదులుతోంది, రికార్డవుతోంది. దాని మీద బట్ట ముక్కలు కప్పి ఉన్నాయి. లేచి వెళ్లి అతనితో పోట్లాడాలనే అనుకున్నాను వదినా. ఆ ముక్కలు పక్కకి తీసేసి, ఫోనుని కొంచెం నా వైపు తిప్పుకుని, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాను. పాట చివరిదాకా పాడాను.

అది ఎక్కించిన కొత్త కార్డు ఇందులో పెట్టాను. అన్నయ్య నాకు వినిపిస్తానన్నాడు, చెవులు మూసుకుని బయటికి పారిపోయాను. "బాగాలేదు" అని రాయడానికి ఏం కష్టం అని నిన్ను ఎన్ని మాటలన్నానో గుర్తొస్తోంది. నాకు భయంగా ఉంది. పక్కింటావిడ ఏమన్నా పట్టించుకోను, పెట్టె మేడమ్ తల ఊపినా ఊరుకుంటాను, నువ్వు ఏమంటావోనని నిద్ర సరిగ్గా పట్టట్లేదు.

మొత్తం విను. బాగుంటే ఆ ఒక్క ముక్కా రాయి చాలు. బాగాలేకపోతే మాత్రం ఆ మాట రాయకు. ఇంకో డాంగిల్ కొని పంపమను, నాకు అర్థమవుతుంది.

వ్యాను ఎప్పుడొస్తుందా అని వీధిలో నిలబడే
నీ ఆడపడుచు